జుట్టునొప్పి పోతయ్య

పోతయ్యకి ఉన్న జబ్బల్లా ఒక్కటే, ఏ జబ్బూ లేకపోవడం. ఆ లోటు తీర్చుకోవడానికి రోజూ తెల్లారేసరికి, అందరికన్నా ముందు, ఎస్టేటు ఆసుపత్రి అరుగు మీద కూర్చుని ఉండేవాడు. మనిషిని చూస్తే చెరకు బండికి ఎద్దు బదులు కట్టొచ్చు. పళ్ళతో చెరకు గడ చీలిస్తే ఆ చప్పుడు కూలీల గదుల పక్క లైను దాకా వినిపించేది. అలాంటివాడు మోకాళ్ళు ముడుచుకుని, మెడ ఒక పక్కకి వాల్చి మూలుగుతుంటే, నిజంగా జబ్బు పడ్డవాళ్ళు కూడా తమ మూలుగు ఆపి చూసేవాళ్ళు.

మాది రాకిరాకి వైపు ఒక చెరకు ఎస్టేటు. మేమంతా గిర్మిటు మీద, అంటే అయిదేళ్ళు కూలి చేస్తామని వేలిముద్ర వేసి, ఫిజీ వచ్చినవాళ్ళం. పోతయ్య, నేను, నా మొగుడు కిష్టయ్య ఒకే ఓడలో వచ్చాం. ఒక ఓడలో వచ్చినవాళ్ళు ఇక్కడ తోబుట్టువుల కింద లెక్క. జహాజీ చుట్టరికం అంటారు. మిగతా చుట్టరికాలన్నీ సముద్రంలో పోయాయి కాబట్టి దీన్ని మాత్రం అందరూ గట్టిగా పట్టుకునేవారు. అమ్మ కన్న అన్నలిద్దరూ నాకు ఊళ్ళో ఉండిపోయారు, ఓడ ఇచ్చిన అన్న వీడు. "అంకమ్మా, మీ అన్న ఇయ్యాల ఏ జబ్బుతో ఎల్లినాడే?" అని నీళ్ళ తొట్టి దగ్గర ఆడవాళ్ళు అడిగితే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు నాకు.

ఆసుపత్రి కంపౌండరు భగవాన్‌ది కాశీ వైపు. మావాళ్ళతో వేగీ వేగీ అతనికి వచ్చీరాని తెలుగు పట్టుబడింది. నా బిడ్డకి చెవిలో చీము కారితే తీసుకెళ్ళినప్పుడు వాళ్ళిద్దరి సంభాషణ నా చెవులతో నేను విన్నాను.

"ఏం జబ్బు ఉంది?"

"జుట్టు నొప్పి బావూ."

"తలనొప్పి?"

"తల బాగానే ఉంది బావూ. జుట్టే. మొదల్లో కాదు, సివర్లు."

"పో."

మర్నాడు మళ్ళీ వెళ్తే మళ్ళీ వీడే ముందు.

"నిద్దరోతే కళ్ళు కనపడ్డం నేదు బావూ."

"నిద్రలో ఎవరికి కనపడుతుంది?"

"మెలకువగా ఉన్నప్పుడు బాగానే కనపడతన్నాయి. మజ్జిలో ఏటైపోతందో తెలవక ఒచ్చినాను."

"ఝూటా. పో."

అన్నం తిన్నాక ఆకలి వేయడం లేదని ఒకరోజు, నీడ బరువెక్కిందని ఒకరోజు, ఎడమ కాలు కుడికాలి కన్నా ముందే నిద్ర లేస్తోందని ఒకరోజు వెళ్ళాడు. ఒక్కసారి చెప్పిన జబ్బు మళ్ళీ చెప్పేవాడు కాదు. ఆ విషయంలో వాడికి పట్టుదల ఎక్కువ.

పొద్దున్నే పనికి పోయేముందు తెల్ల ఓవర్సీరు మమ్మల్ని నిలబెట్టి ఉపన్యాసం చెప్పేవాడు. లైన్లలో అతన్ని కులంబర అనేవాళ్ళం. ఆయన ఇంగ్లీషులో అరిస్తే మా మీద మేస్త్రీ, సర్దారు, మా భాషలో అరిచేవాడు. ఆసుపత్రి సత్రం కాదు. కూలివాడికి ఊరికే గంజి పోస్తే వాడిలో పని చేసే గుణం చచ్చిపోతుంది. మీలో సగం జబ్బులు సోమరితనానికి పెట్టుకున్న పేర్లు. ఇదీ దాని సారాంశం. మేం తలలు వంచుకుని వినేవాళ్ళం. వరసలో జ్వరంతో వణుకుతున్నవాడు కూడా తను ఒట్టి సోమరినేమో అని ఒక నిమిషం అనుమానపడేవాడు.

సాయంత్రం అదే ఉపన్యాసం మా లైన్లో మళ్ళీ జరిగేది. లైన్లో గది గదికీ మధ్య గోడ కప్పు దాకా ఉండదు. పైన ఇనుప జల్లి కొట్టి వదిలేస్తారు. అవతలి గదిలో ఒకడు తుమ్మితే ఇవతలి చివర ఇంకొకడు చిరంజీవ అనే ఏర్పాటు అది. పక్క గదిలో ఉండే రంగస్వామిది ఆర్కాటు జిల్లా. పని రాక్షసుడు, అబద్ధం ఎరగడు, నవ్వూ ఎరగడు. ఆయన మంచమెక్కి నిలబడితే జల్లి వెనక నున్నటి బట్టతల దీపం వెలుగులో మెరిసేది. అది కనపడగానే ఉపన్యాసం వస్తోందని మేం చెవులు సర్దుకునేవాళ్ళం.

"నేను చెప్తా ఉండా వినండప్పా. ఊరకనే పెట్టేది మనిషిని చెరుపుతాది. ఆ గంజి మాన్పిస్తే ఈ లైన్లో జబ్బులన్నీ మాయమైపోతాయి. ఈ పోతయ్య లాంటోళ్ళ వల్లనే కదా నిజంగా జబ్బు చేసినోళ్ళకి మంచం దొరికేది లేదు."

"పోయినేడు నీ కాలు తెగితే ఎల్లి పడుకున్నావు కాదేటి?" అన్నాను నేను గోడ ఇవతలి నుంచి.

"అది గాయం. నేను పని చేసేవాణ్ణి. నా గంజి వేరే."

మా అందరి లెక్కా అంతే. ఎవడి గంజి వాడి చెమట, పక్కవాడి గంజి ముష్టి. పొద్దున కులంబర మమ్మల్ని తిట్టిన తిట్లనే సాయంత్రం దాకా దాచుకుని, ఒక్కటీ వృథా కాకుండా పోతయ్య మీద ఖర్చు పెట్టేవాళ్ళం. ఇంతమంది ఒకచోట పడి ఉండి, ఇన్ని బాధలు పడుతూ, మాకు దొరికిన ఏకైక సంతోషం మాలో ఒకణ్ణి దొంగ అనుకోవడం. మనుషుల మీద ఆశ వదులుకోవడానికి లైన్లకి మించిన చోటు నేను చూడలేదు.

పోతయ్య మాత్రం గోడ అవతల నుంచి ఆవలిస్తూ అనేవాడు, "రంగస్వామన్నా, నీ మాటలింటంటే సెవి నొప్పెడతంది. ఇది బాగుంది. రేపు ఇదే సెప్తాను కంపౌండరుకి."

లైనంతా నవ్వేది, రంగస్వామి తప్ప. బట్టతల జల్లి వెనక నుంచి దిగిపోయేది.

ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. కానీ ఆసుపత్రి నుంచి తరిమేశాక వాడు తోటకి చేరేసరికి మిగతావాళ్ళ టాస్కు, అంటే ఆ రోజుకి కొలిచి ఇచ్చిన పని, సగం అయిపోయేది. వాడు ఎద్దులా పనిచేసి చాలా రోజులు పూర్తి చేసేవాడు. కొన్ని రోజులు కొంచెం మిగిలిపోయేది. కొంచెం మిగిలినా అసలు చెయ్యనట్టే లెక్క. ఆ రోజు గిర్మిటులోంచి పోయి చివర అతుక్కునేది. గిర్మిటు తీరి స్వేచ్ఛగా బతకడాన్ని మేం కుల్లా కావడం అనేవాళ్ళం. మా ఓడ వాళ్ళందరికీ కుల్లా అయ్యే రోజు దగ్గరికొస్తుంటే, పోతయ్యది మాత్రం వాడితో పాటు నడుస్తూ ఎప్పుడూ అంతే దూరంలో ఉండేది.

ఒకసారి కులంబర విసిగిపోయి కోర్టుకి పంపాడు. కొన్నాళ్ళు జైల్లో పెట్టారు. సిగ్గుపడి వస్తాడనుకున్నాం. బుగ్గలు నిండి వచ్చాడు. "అన్నంలో ఉప్పు ఎంత బాగా ఏత్తారనుకున్నావు సెల్లీ," అన్నాడు. వాడికి ఉప్పంటే ప్రాణం. మర్నాడు తెల్లారకుండానే మళ్ళీ ఆసుపత్రి అరుగు మీద ఉన్నాడు.

ఉండబట్టలేక నిలదీశాను. "ఓరన్నా, అసలు నీకు రోగమేట్రా?"

"అది తెలుసుకుందావనే రోజూ ఎల్తన్నాను సెల్లీ."

చేతిలో గరిటె ఉంది. వాడు ఎత్తు కాబట్టి భుజం దాకానే అందింది.

వానల్లో ఆ ఏడు లైన్లలో రక్తవిరేచనాలు పట్టుకున్నాయి. నా బిడ్డకీ వచ్చాయి. పొద్దున్నే ఎత్తుకుని పరిగెత్తాను. అరుగు మీద ముందు వీడు, వెనక మేము. ఆకలితో పాటు దాహం కూడా వేస్తోందని వీడు చెప్పడం, భగవాన్ చెయ్యి ఎత్తడం, వీడు అరుగు దిగి పోవడం అయ్యాక, భగవాన్ నా బిడ్డ పొట్ట నొక్కి చూసి నెమ్మదిగా లోపల మంచం చూపించాడు. తర్వాత మా వెనకే ఉన్న బాలమ్మకీ దొరికింది, ఆవిడ కాలు బోదలా వాచి ఉంది. వచ్చిన కోపమంతా పోతయ్య మీద దిగిపోయి కంపౌండరు చల్లబడ్డాడనుకున్నాను. సగం సరిగ్గానే అనుకున్నాను.

బిడ్డ బతికింది. ఆ సంబరంలో ఉండగానే ఒక పొద్దున వింత జరిగింది. పనిగంట కొట్టారు, అందరూ పొయ్యిల దగ్గర మూగారు, పోతయ్య గది తలుపు తెరుచుకోలేదు. వాడు ఆసుపత్రికి వెళ్ళలేదు. పోతయ్య ఆసుపత్రికి వెళ్ళలేదంటే నిజంగా జబ్బు చేసిందన్నమాటే కదా. గరిటె అక్కడే పడేసి పరిగెత్తాను.

వెళ్ళి చూస్తే పెనంలా కాలిపోతున్నాడు. కళ్ళు లోపలికి పోయాయి. రాత్రంతా విరేచనాలు అయినట్టున్నాయి, గోడ పట్టుకుని కూడా లేవలేకపోయాడు. వెనకే వచ్చిన రంగస్వామి నుదుటి మీద చెయ్యి వేసి గభాలున తీసేశాడు.

"నిజంగానే కాలిపోతా ఉండాడప్పా," అన్నాడు. ఆ గొంతులో ఉపన్యాసం లేదు.

గోనెపట్టా మీద వేసి, కిష్టయ్య ఒక పక్కా రంగస్వామి ఒక పక్కా పట్టుకుని వానలో ఆసుపత్రికి మోసుకెళ్ళాం. అరుగు మీద అప్పటికే జబ్బు మనుషులు చాలామంది ఉన్నారు. వీణ్ణి ఆ స్థితిలో చూడగానే, నిన్నటిదాకా దొంగ అన్నవాళ్ళంతా ఒక్కసారి కరిగిపోయారు. "పాపం, ముందెట్టండి. ముందెట్టండి," అంటూ జరిగి దారిచ్చారు. కట్టు కట్టిన కాలితో మళ్ళీ వచ్చిన బాలమ్మ కూడా వెనక్కి జరిగింది. అందరూ అంత మంచివాళ్ళు కావడం నేనెన్నడూ చూడలేదు. వాణ్ణి మూసిన తలుపు ఎదురుగా, మొట్టమొదట పడుకోబెట్టాం.

వాడు కళ్ళు తెరిచి తలుపు చూశాడు. చూసి, లేని ఓపిక తెచ్చుకుని, అరుగు స్తంభం పట్టుకుని వెనక్కి ఈడ్చుకోవడం మొదలుపెట్టాడు.

"నన్ను ముందెట్టకండి. రెండోవోణ్ణి సెయ్యండి."

"జొరంలో మాటాడతన్నాడు," అంది బాలమ్మ.

"ఈ వేళ మొహమాటమేందిరా? రోజూ నువ్వే కదా మొదలు," అన్నాడు రంగస్వామి, మళ్ళీ ముందుకి తోస్తూ.

పోతయ్య నా కొంగు పట్టుకుని తన తల నా ఒళ్ళోకి ఈడ్చుకున్నాడు. "సెల్లీ, మొదటోణ్ణి తరిమేత్తాడు. ఎవుడైనా సరే. రోజుకి ఒక దొంగ జబ్బోడినన్నా పట్టి తిప్పి పంపాలని కులంబర ఆర్డరు. పట్టకపోతే కంపౌండరు ఉజ్జోగం పోద్ది. ఎవుడు దొంగో ఎతికే ఓపిక నేక మొదట నిలబడ్డోణ్ణి పంపించేసి లెక్క సరిపెట్టేత్తాడు. తరవాత ఒచ్చినోళ్ళని సక్కగా సూత్తాడు."

"నీకెవుడు సెప్పినాడు?"

"ధర్మని నానే గదా అందరినీ తోసుకెల్లి మొదట నిలబెట్టినాను."

ధర్మ కూడా మా ఓడవాడే. వచ్చిన ఏడే జ్వరం వస్తే తిప్పి పంపేశారు. చెరకులో కూలిపోయాడు, మళ్ళీ లేవలేదు. కంపౌండరు కసాయి అని మేమంతా తిట్టుకుని, ఏడ్చి, మర్చిపోయాం. పోతయ్య ఒక్కడే అరుగు మీద ఎవరి తర్వాత ఎవరు లోపలికి వెళ్తున్నారో చూస్తూ, సర్దారు వచ్చి కంపౌండరుని దొంగల లెక్క అడగడం వింటూ కూర్చున్నాడు. చూసి చూసి, రోజూ ముందు నిలబడటం మొదలుపెట్టాడు. నా బిడ్డ పడుకున్న మంచం, బాలమ్మ మంచం, చివరికి కాలు తెగిన రంగస్వామి మంచం కూడా వీడి జుట్టునొప్పి పెట్టిన మంచాలే.

"ముందే సెప్పి ఏడవొచ్చు కదరా," అన్నాను. కళ్ళనీళ్ళు వచ్చేశాయి.

"మన లైన్లో సెప్తే కంపౌండరుకి సెప్పినట్టే. గోడలకి నెత్తి నేదు. ఆడు మర్నాటినుంచి రెండోవోణ్ణి పంపుతాడు," అన్నాడు, అని కళ్ళు మూసుకున్నాడు.

లోపల గడియ తీస్తున్న చప్పుడైంది. పోతయ్య మాటలూ, ఆ చప్పుడూ అరుగు మీద అందరూ విన్నారు. ఇంతసేపూ ముందు పెట్టండి అన్నవాళ్ళు ఒక్కొక్క అడుగు వెనక్కి వేశారు. వాళ్ళని ఏమనగలను? ప్రతివాడికీ నిజం జబ్బే, ప్రతివాడికీ మంచం కావాలి. పోతయ్యని వెనక్కి లాగితే తలుపు ముందు చోటు ఖాళీగా మిగిలింది, అందులో ఎవరూ కూర్చోకపోతే మళ్ళీ వీడే మొదటివాడు. కిష్టయ్య వాణ్ణి లాగడానికి కాళ్ళు పట్టుకుని ఉన్నాడు. నేను లేద్దామంటే కొంగు వాడి పిడికిట్లో ఉంది. ఇక అయిపోయిందనుకున్నాను. ధర్మని పోగొట్టుకున్నట్టే వీణ్ణీ, అదే అరుగు మీద, మా దయ వల్లనే పోగొట్టుకోబోతున్నాం అనిపించింది.

అప్పుడు రంగస్వామి వెళ్ళి ఆ ఖాళీలో కూర్చున్నాడు. ఒకసారి పోతయ్య వైపు చూసి, మోకాళ్ళు ముడిచాడు. ఆలోచించి మెడ ఒక పక్కకి వాల్చాడు. మూలగడం చేతకాక దగ్గాడు.

భగవాన్ తలుపు తెరిచి అతన్ని చూసి ఆగిపోయాడు.

"నువ్వు? ఏం జబ్బు ఉంది?"

పుట్టినప్పటి నుంచి అబద్ధం ఆడని మనిషి. నుదురంతా చెమట. ఏమీ తోచక, ఏళ్ళ తరబడి తను అసహ్యించుకున్న ఆ ఒక్క మాటే నోట్లోంచి ఊడిపడింది.

"జుట్టు నొప్పి."

భగవాన్ ఆ నున్నటి తల వైపు చాలాసేపు చూశాడు. వాన నీళ్ళు దాని మీద నుంచి ఎక్కడా ఆగకుండా జారుతున్నాయి. అరుగు మీద చావుకి దగ్గర పడ్డవాళ్ళు కూడా నోటికి గుడ్డలు అడ్డం పెట్టుకున్నారు.

"పో," అన్నాడు భగవాన్. రంగస్వామి లేచి, జీవితంలో మొదటిసారి దొంగగా, తల వంచుకుని వానలోకి నడిచాడు.

రెండోవాడు పోతయ్య. భగవాన్ వంగి నాడి పట్టుకుని, కనురెప్ప ఎత్తి చూసి, వెంటనే లోపలికి మోయించాడు. నేను బయటికి వస్తుంటే గుమ్మం దగ్గర ఆపి, ఎవరికీ వినపడకుండా అడిగాడు.

"రేపు ముందు ఎవరు వస్తది?"

అంటే ఇతనికీ తెలుసు. ఇన్నాళ్ళూ పోతయ్య కోసం ఇతనూ ఎదురుచూస్తూనే ఉన్నాడు. "ఎవరో ఒకరు ఒత్తారు," అన్నాను.

వచ్చారు. లైన్లో గోడలకి నెత్తి లేకపోవడం మొదటిసారి మంచికి పనికొచ్చింది. ఆ సాయంత్రమే రేపెవరు, ఎల్లుండెవరు అని గోడల మీదుగా వంతులు వేసుకున్నారు. కిష్టయ్య ఒకరోజు మోచేతికి మతిమరుపు వచ్చిందని చెప్పి తరిమించుకొచ్చాడు. రంగస్వామి వంతు లేని రోజున కూడా వెళ్ళేవాడు. టాస్కు తప్పి అతని గిర్మిటూ సాగడం మొదలైంది. పోతయ్యని నేను తిట్టిన తిట్లలో మాత్రం ఒక్కటీ వెనక్కి తీసుకోను. అంత మంచివాడు అంత తిక్కగా కనపడటం వాడి తప్పే.

చాలా రోజులకి జ్వరం దిగింది. భగవాన్ ఆసుపత్రి గంజి గిన్నెలో పోసి ఇచ్చాడు. పాలు కలిపిన తెల్లటి గంజి, కులంబర ఉపన్యాసాల్లోని గంజి, లైనంతా చెడగొట్టిన గంజి. కిటికీ బయట రంగస్వామి నిలబడి ఉన్నాడు. నేను ఒక గుక్క తాగించాను. పోతయ్య నోట్లో అటూ ఇటూ తిప్పి, మొహం చిట్లించాడు.

"ఇదేట్రా?" అన్నాడు.

"గంజి."

"దీనికోసవేటి నన్నిన్నాళ్ళు తిట్టినారు? ఉప్పే నేదు."

అప్పుడు తట్టింది నాకు. ఆసుపత్రి గంజి తేరగా మెక్కుతున్నాడని వాణ్ణి అన్ని ఏళ్ళు ఆడిపోసుకున్నాం. రోజూ గుమ్మంలోంచే తరిమించుకున్నవాడు ఆ గంజి ఎప్పుడు తాగుతాడని మా లైన్లో ఒక్కడికీ అనుమానం రాలేదు.

కిటికీలోంచి చెయ్యి ఒకటి లోపలికి వచ్చింది. ఆకులో పొట్లం కట్టిన ఉప్పు. రంగస్వామి మొహం అటు తిప్పుకుని ఉన్నాడు.

"ఊరకనే ఇత్తన్నావేటన్నా?" అన్నాడు పోతయ్య.

"ఊరకనే," అన్నాడు రంగస్వామి, చాలా కష్టపడి.

"ఒద్దు బావూ. ఊరకనే పెడితే మనిషి సెడిపోతాడంట. మా పక్క గదిలో ఒక పెద్దమనిసి సెప్తాడు."

అంటూనే పొట్లం లాక్కుని ఉప్పంతా గిన్నెలో వేసుకుని, వేలితో కలుపుకుని, చివరి చుక్క దాకా తాగేశాడు.